పాత యూరప్ పుస్తకాల్లోని మన దేవుళ్ల బొమ్మలు: కొనేముందు ఎలా చూడాలి, కొన్నాక ఎలా దాచుకోవాలి

నాకు వాట్సాప్‌లో తరచూ ఒకేలాంటి ఫొటో వస్తుంటుంది. లేత గోధుమ రంగుకు తిరిగిన కాగితం, దాని మీద సన్నటి నల్ల గీతలతో వినాయకుడో మత్స్యావతారమో, కింద ఫ్రెంచిలోనో డచ్చిలోనో ఒక లైను. ఆ వెంటనే ప్రశ్న: "ఇది నిజంగా మూడొందల ఏళ్ల నాటిదేనా, కొనొచ్చా?" డాలస్‌లో ఉండే బావగారు అడుగుతారు, లండన్‌లో చదువుకుంటున్న మేనకోడలు అడుగుతుంది. ప్రతిసారీ ఫోన్‌లో ముప్పావుగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. మీరు కూడా ఇలాంటి బొమ్మ ఒకటి కొనాలనుకుంటున్నా, ఇంట్లో తాతగారి ట్రంకు పెట్టెలో ఒకటి దొరికినా, ఈ వరసలోనే వెళ్లండి.

ముందు నాకు జరిగింది చెప్తాను. మొదటిసారి నేను కొన్న బొమ్మ "1723 నాటి అసలు ఎన్‌గ్రేవింగ్", అంటే రాగి రేకు మీద చెక్కి అచ్చేసిన బొమ్మ, అని రాసి అమ్మినది. ఇంటికొచ్చాక భూతద్దం పెట్టి చూస్తే గీత ఉండాల్సిన చోట చిన్న చిన్న చుక్కలు, వరసగా, పేపర్లో ఫొటో దగ్గర్నుంచి చూస్తే కనిపించేలాంటివి. అంటే ఎవరో పాత పుస్తకంలోని పేజీని ఫొటో తీసి, గోధుమ రంగు కాగితం మీద అచ్చేశారు. డబ్బు పోయిందన్న బాధ కంటే, ఆ పెరుమాళ్ల బొమ్మను మూడు నెలలు అపురూపంగా చూసుకున్నానే అన్న బాధ ఎక్కువ. ఆ రోజు నుంచే వీటి గురించి కూర్చుని నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ముందు పుస్తకం ఏదో పట్టుకోండి

ఇది ఒక్కటి గుర్తుంటే సగం పని అయిపోయినట్టే. మన దేవుళ్ల పాత యూరప్ ముద్రల్లో చాలా భాగం గోడకు తగిలించుకోడానికి విడిగా అచ్చేసినవి కావు, ఏదో ఒక పుస్తకంలోంచి ఊడి వచ్చినవి. అందుకే "ఎంత పాతది" అని కాదు, "ఏ పుస్తకంలోది" అని అడగాలి. పుస్తకం తెలిస్తే ఏడాది తెలుస్తుంది, కాగితం ఎలా ఉండాలో తెలుస్తుంది, సైజు తెలుస్తుంది, రంగు ఉండాలా వద్దా అన్నది కూడా చాలావరకు తెలుస్తుంది.

ఎక్కువగా ఎదురయ్యే పుస్తకాలు కొన్నే. 1667లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన అథనేషియస్ కిర్చర్ 'చైనా ఇలస్ట్రాటా'లో దశావతారాల బొమ్మలున్నాయి. కిర్చర్ రోములో ఉండి రాసిన జెసూట్ (ఒక క్రైస్తవ గురువుల సంఘం) పండితుడు, ఇండియా మొహం చూడలేదు, ఆగ్రాలో పనిచేసిన హైన్‌రిక్ రోత్ అనే మరో జెసూట్ దగ్గర్నుంచి సమాచారం తీసుకున్నాడు. 1672లో అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫిలిప్ బాల్డేయస్ మలబారు, కోరమాండల్, సింహళం గురించి రాసిన పెద్ద పుస్తకం వచ్చింది. ఈయన డచ్ మతగురువు, సింహళంలో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఆ ఏడాదే ఓల్ఫర్ట్ డాపర్ 'ఏషియా' కూడా. తర్వాత అన్నింటికంటే ఎక్కువగా దొరికేది బెర్నార్ పికార్, 1723 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో సంపుటాలుగా వచ్చిన ప్రపంచ మతాల ఆచారాల పుస్తకం. పికార్ కూడా మన వైపు రాలేదు, ముందు తరం పుస్తకాల్లోని బొమ్మల్ని ముందు పెట్టుకుని మళ్లీ గీశాడు, గీయించాడు.

1782లో పారిస్‌లో అచ్చయిన పియెర్ సొనెరా ప్రయాణాల పుస్తకం దగ్గరికొచ్చేసరికి సంగతి మారిపోతుంది. సొనెరా పుదుచ్చేరిలో ఉండి, తమిళ దేశంలో తిరిగి, అక్కడి దేవుళ్ల రూపాలు చూసి బొమ్మలు వేసినవాడు, వాటిని పోయిసన్ అనే ఆయన రాగి రేకుల మీద చెక్కాడు. రెండు సంపుటాల్లో 140 ప్లేట్లు, అంటే రేకు మీంచి అచ్చేసిన బొమ్మల పేజీలు. 1810లో లండన్‌లో ఎడ్వర్డ్ మూర్ 'హిందూ పాంథియన్' వచ్చింది. ఈయన ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో పనిచేసినవాడు, తాను పోగుచేసిన కంచు విగ్రహాలు, బొమ్మలు చూపించి గీయించాడు. ఆయన సేకరణలో కొంత ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మూర్ ప్లేట్లు చూడగానే గుర్తుపట్టొచ్చు, నీడలు పెద్దగా లేకుండా శుభ్రమైన అవుట్‌లైన్ గీతలు, ఒకే పేజీలో మూడు నాలుగు విగ్రహాలు. ఇక 1827 నుంచి 1835 వరకు పారిస్‌లో విడతలుగా వచ్చిన 'లాండ్ ఫ్రాన్సేజ్' ఉంది, ఫ్రెంచివాళ్ల ఏలుబడిలోని ఊళ్లు, కోరమాండల్ తీరం గురించి. మన యానాం ఆ ఏలుబడిలోదే కాబట్టి కోనసీమ వాళ్లకి నేను దాన్ని ప్రత్యేకంగా చెప్తుంటాను. కానీ అది ఎన్‌గ్రేవింగ్ కాదు, రాతి మీద గీసి అచ్చేసిన లిథోగ్రాఫ్. ఈ తేడా కిందకి వెళ్లాక మళ్లీ పనికొస్తుంది.

పుస్తకాన్ని పట్టుకునే పద్ధతి ఇది. అమ్మేవాళ్ల ఫొటోలో బొమ్మ పై మూలలు పెద్దవి చేసి చూడండి. సంపుటం నంబరు, పేజీ నంబరు, ప్లేట్ నంబరు లాంటివి సన్నగా ఉంటాయి. కింద ఎడమ మూలలో ఒక పేరు, దాని పక్కన 'డెల్' అనో 'పింక్స్' అనో ఉంటే ఆయన బొమ్మ వేసినవాడు. కుడి మూలలో పేరు పక్కన 'స్కల్ప్' అనో వట్టి 'ఎస్‌సి' అనో ఉంటే రేకు మీద చెక్కినవాడు. 'డైరెక్స్' అంటే దగ్గరుండి చేయించినవాడు, 'ఎక్స్‌క్' అంటే ప్రచురించినవాడు. ఇవి దొరికాక ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ల గాలికాలోనో ఆ పుస్తకం స్కాన్ తెరిచి, అదే పేజీకి వెళ్లి రెండిటినీ పక్కపక్కన పెట్టండి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం, బ్రిటిష్ మ్యూజియం, వెల్‌కమ్ కలెక్షన్ సైట్లలో విడి బొమ్మలు కూడా దొరుకుతాయి. ఇదంతా ఉచితం. ఒక సాయంత్రం పడుతుంది, కాఫీ పెట్టుకుని కూర్చోండి.

ఒక చిక్కు ఉంది. ఒకే బొమ్మ నాలుగైదు పుస్తకాల్లో ఉంటుంది. పికార్ పుస్తకమే 1733 నుంచి లండన్‌లో ఇంగ్లిషులో వచ్చింది, దానికి రేకులు కొత్తగా చెక్కారు, 1741లో పారిస్‌లో మళ్లీ వచ్చింది. సొనెరా 1806లో మళ్లీ వచ్చింది. కాబట్టి బొమ్మ కలిసింది కదా అని ఆగకండి. కింద రాత ఏ భాషలో ఉంది, అక్షరాల వంపు కలుస్తోందా, నీడ గీతలు అదే కోణంలో ఉన్నాయా అన్నది చూడాలి. మళ్లీ చెక్కిన రేకులో మేఘాలు, గడ్డి, గుడ్డ మడతలు ఎప్పుడూ కొంచెం మారిపోతాయి, చెక్కినవాడు దేవుడి మొహం మీద పెట్టిన శ్రద్ధ గడ్డి మీద పెట్టడు.

పేర్ల స్పెల్లింగు చూసి భయపడొద్దు. పైకి చదివితే మన పేర్లే. 'పొలియార్' అని ఉంటే పిళ్లైయార్, అంటే మన వినాయకుడు. డచ్ పుస్తకాల్లో గణపతి 'క్వెనవాడి' అయ్యాడు. 'విస్ట్నూ' విష్ణువు. 'ఇక్సోరా' అంటే ఈశ్వరుడు, పోర్చుగీసువాళ్ల నోట్లో అలా మారింది. ఆ మాట ఇంకా మన పెరట్లోనే ఉంది తెలుసా, నూరు వరహాల చెట్టుకి వృక్షశాస్త్రంలో పెట్టిన పేరు ఇక్సోరా, అది ఈ ఈశ్వర శబ్దం నుంచే వచ్చింది.

కాగితాన్ని చేత్తో, వెలుతురుతో చదవండి

బొమ్మ మీ చేతికి వచ్చాక, లేదా షాపులో ముందు పెట్టాక, చేతులు సబ్బుతో కడుక్కుని పూర్తిగా ఆరనిచ్చి పట్టుకోండి. రెండు చేతులతో, ఎదురెదురు అంచులు.

మొదట రేకు నొక్కు. రాగి రేకు మీద గీతలు చెక్కి, ఆ గాడుల్లోకి సిరా కూరి, పైన తుడిచేసి, తడి కాగితం వేసి రోలర్ కింద గట్టిగా నొక్కుతారు. ఆ ఒత్తిడికి రేకు అంచు కాగితంలోకి దిగి బొమ్మ చుట్టూ ఒక పల్లం పడుతుంది. కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే ఆ పల్లం దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది. వెనక వైపు వేలు ఆనించి మెల్లగా జరిపితే తగులుతుంది కూడా. బైండింగు కోసం అంచులు మరీ దగ్గరగా కోసేసిన కాగితంలో ఇది పోయి ఉండొచ్చు, అంతమాత్రాన నకిలీ అనుకోవద్దు. ఇంకోవైపు, నొక్కును దొంగగా వేయడమూ కుదురుతుంది, కాబట్టి ఇదొక్కటే నమ్ముకోవద్దు.

రెండోది భూతద్దం. పది రెట్లు పెద్దది చేసి చూపించే నగల షాపు లూప్ ఉంటే చాలు. నా దగ్గర సొనెరా మన్మథుడు ఉన్నాడు, చిలక వాహనం, చెరకు విల్లు, కింద 'మన్మదిన్' అని ఫ్రెంచి అక్షరాల్లో తమిళ ఉచ్చారణ. ఆ చిలక రెక్క మీద లూప్ పెట్టి చూడండి, ప్రతి గీతా సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మళ్లీ సూదిమొనలా సన్నబడి ఆగిపోతుంది. ఉలి రేకులోకి దిగి పైకి లేచిన తీరు అది. సిరా కాగితం మీద పరుచుకున్నట్టు కాక కొంచెం ఉబ్బెత్తుగా, చిన్న గట్టులా నిలబడి ఉంటుంది. లిథోగ్రాఫ్‌లో అది ఉండదు, మెత్తటి క్రేయాన్‌తో రుద్దినట్టు గరుకుగా ఉంటుంది, రేకు నొక్కూ ఉండదు. ఇక చుక్కల గళ్లు కనిపించాయా, అది ఫొటో నుంచి తీసిన ముద్ర, 19వ శతాబ్దం చివరిదో ఆ తర్వాతదో. 1723 అని ఎవరు ఎంత గట్టిగా చెప్పినా వినకండి.

మూడోది వెలుతురు. కాగితం వెనక ఫోన్ టార్చ్ పెట్టండి, బాగా దగ్గరగా వద్దు. 18వ శతాబ్దం చివరి దాకా ఎక్కువ పుస్తకాలకు వాడింది తీగల అచ్చులో చేసిన కాగితం. వెలుతురులో దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటిని అడ్డంగా కోస్తూ సుమారు రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున దూర దూరంగా గీతలు కనిపిస్తాయి. గీతలు లేకుండా నున్నగా సమంగా ఉండే కాగితం ఇంగ్లండులో 1750ల్లో మొదలైంది, కానీ విరివిగా వాడకంలోకి వచ్చింది 1800 అటూ ఇటూ. అంటే మూర్ ప్లేటు నున్నటి కాగితం మీద ఉంటే సహజం, 1672 నాటి బాల్డేయస్ అని చెప్పి నున్నటి కాగితం చూపిస్తే లేచి వచ్చేయండి. ఇంగ్లిషు కాగితాల్లో 1794 తర్వాత వాటర్‌మార్కులో, అంటే వెలుతురుకు పట్టుకుంటే కనిపించే గుర్తులో, ఏడాది కూడా వేయడం మామూలైంది. అది కనిపిస్తే మీ పంట పండినట్టే, ముద్ర ఆ ఏడాదికి ముందుది కాలేదు.

రంగుల విషయం. వీటిలో చాలావరకు నలుపు తెలుపులోనే అమ్ముడుపోయాయి. చేత్తో రంగులేసిన ప్రతులు కొన్ని పుస్తకాలకు ఆ రోజుల్లోనే ఉన్నాయి, కానీ ఇప్పుడు మార్కెట్లో కళ్లు చెదిరే రంగుల్లో కనిపించే పికార్ దేవుళ్లకు ఆ రంగు మొన్న మొన్న పూసింది అయ్యే అవకాశం ఎక్కువ. పాత మడత మీద, పాత చిరుగు మీద రంగు లోపలికి దిగి ఉంటే ఆ చిరుగు తర్వాతే రంగు వేశారన్నమాట. నన్నడిగితే రంగు లేనిదే కొనండి. గీత మీద గీత వేసి నీలమేఘశ్యాముడి ఒంటికి ఆ చీకటి తెచ్చిన మనిషి పనితనం రంగు కింద కనిపించకుండా పోతుంది.

గుడికెళ్లే కళ్లతో చూడండి

ఇది మాత్రం యూరప్‌లో డీలర్ మీకు చెప్పడు. మీకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య ఇక్కడ పనికొస్తుంది.

రేకు మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి అద్దంలో ప్రతిబింబంలా పడుతుంది. జాగ్రత్త ఉన్న చెక్కేవాడు ముందే తిరగేసి చెక్కుతాడు. తొందరలో కాపీ కొట్టేవాడు అచ్చయిన బొమ్మను చూసినట్టే చెక్కేస్తాడు, అప్పుడు కుడి ఎడమలు మారిపోతాయి. మారిందా లేదా అన్నది తెలుసుకోడానికి విష్ణువు చేతిలో శంఖచక్రాలు చూడాలనిపిస్తుంది, తిరుమల వెంకన్నకు కుడివైపు చక్రం, ఎడమవైపు శంఖం కదా. కానీ అక్కడ తొందరపడొద్దు. సంధ్యావందనంలో చెప్పుకునే కేశవ నామాలు ఇరవై నాలుగు, ఆ ఇరవై నాలుగు మూర్తులకీ నాలుగు ఆయుధాలు నాలుగు చేతుల్లో వేరు వేరు వరసల్లో ఉంటాయి. కాబట్టి చక్రం ఎడమ చేతిలో ఉన్నంత మాత్రాన తప్పు అనలేం.

జంధ్యం చూడండి. దేవుడి జంధ్యం ఎడమ భుజం మీద నుంచి కుడివైపు కిందకి రావాలి. కుడి భుజం మీద నుంచి దిగుతోందంటే, అది పితృకార్యాల్లో వేసుకునే అపసవ్యం, దేవుడి బొమ్మకి ఎవరూ అలా వేయరు, అంటే బొమ్మ తిరగబడింది. అర్ధనారీశ్వరుడైతే అమ్మవారు ఎడమ సగంలో ఉండాలి. వేణుగోపాలుడైతే పిల్లనగ్రోవి ఆయన కుడివైపుకు సాగాలి. నా దగ్గరున్న ఒక విడి కాగితం, ఏ పుస్తకంలోదో ఏడాదిన్నర తేలలేదు, చివరికి జంధ్యం తిరగబడి ఉండటం చూసి ఇది అచ్చు బొమ్మను చూసి కొట్టిన కాపీ అని అర్థమై, అసలు బొమ్మ కోసం వెతకడం మానేసి కాపీ కొట్టిన చవక పుస్తకాల వైపు వెళ్లాను, రెండు వారాల్లో దొరికింది.

కొన్ని బొమ్మల్లో మన దేవుళ్లకు కొమ్ములు, కోరలు, పొట్ట మీద ఇంకో మొహం కనిపిస్తాయి. చూడగానే కోపం వస్తుంది, నాకూ వచ్చింది. లుడోవికో వార్తెమా అనే ఇటలీ యాత్రికుడు 1510లో కాలికట్ గురించి అచ్చేసిన పుస్తకంలో అక్కడి రాజు పూజించే విగ్రహాన్ని సైతానుగా వర్ణించాడు. 1515లో జర్మన్ అనువాదానికి బొమ్మలు వేసిన చిత్రకారుడు ఆ విగ్రహాన్ని చూడకుండానే తనకు తెలిసిన యూరప్ దెయ్యాన్ని గీశాడు, ఆ ఊహ తరవాత పుస్తకాల్లోకీ పాకింది. అలాంటిది ఇంట్లో ఉండటం మనసుకు ఒప్పకపోతే కొనకండి, ఏమీ నష్టం లేదు. కొంటే మాత్రం దాని పక్కన సొనెరానో మూర్‌నో ఒకటి పెట్టండి. చూడకుండా గీసిన చెయ్యి ఎలా ఉంటుందో, చూసి గీసిన చెయ్యి ఎలా ఉంటుందో మీ పిల్లలకు చూపించడానికి అంతకంటే మంచి జత లేదు.

కొనేటప్పుడు

అమ్మేవాళ్లని మూడు అడగండి: ఏ పుస్తకం, ఏ ముద్రణ, వెనక వైపు ఫొటో. వెనక వైపు ఫొటో పంపని వాళ్ల దగ్గర నేను కొనను. పురుగు తిన్న చిల్లులు, సెల్లోటేపు మరకలు, అట్టకు అతికించిన గుర్తులు అన్నీ వెనకే ఉంటాయి.

పుస్తకం మొత్తంగా ఉన్నదాన్ని విడగొట్టి ఒక్కో పేజీ అమ్మే వ్యాపారం ఇంకా నడుస్తోంది. దయచేసి దానికి మీ డబ్బు చేరనివ్వకండి. లోపలి అంచు తెల్లగా, కుట్టు చిల్లులు కొత్తగా, చిరుగు పదునుగా ఉంటే అది ఈ మధ్యే ఊడదీసిన పేజీ. ఎన్నో ఏళ్ల క్రితం విడిపోయిన కాగితాలు కావలసినన్ని దొరుకుతాయి, ఓపిక పడితే చాలు.

విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇంకో మాట. నూరేళ్లు దాటిన కళాఖండం మన దేశంలోకి వచ్చాక 1972 నాటి పురావస్తువుల చట్టం కిందకి వస్తుంది, మళ్లీ మామూలుగా సూట్‌కేసులో పెట్టుకుని బయటికి తీసుకెళ్లడం కుదరదు. అమ్మకు చూపించి తిరిగి తెచ్చుకుందాం అనుకుని హైదరాబాదు తేకండి, తెస్తే ఇక్కడే ఉంచాలన్న నిర్ణయంతో తెండి. పార్సిల్‌లో తెప్పించుకుంటే బిల్లు మీద పుస్తకం పేరు, ఏడాది, అసలు ఎన్‌గ్రేవింగ్ అన్న మాట స్పష్టంగా రాయించండి, కస్టమ్స్‌లో ఇలాంటివి 9702 శీర్షిక కింద వస్తాయి. పన్ను ఆ రోజుకి ఎంతుందో ముందే కనుక్కుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

ఇంటికి వచ్చాక

పాత కాగితం నార గుడ్డల గుజ్జుతో చేసింది, మనం పాడుచేయకపోతే ఇంకో మూడొందల ఏళ్లు ఉంటుంది. పాడుచేసేది ఎక్కువగా ఫ్రేమ్ కట్టించేటప్పుడే. వీధిలో ఫ్రేములు కట్టే షాపులో వెనక మామూలు అట్ట, బ్రౌన్ టేపు, మైదా జిగురు వాడతారు. ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది కాగితాన్ని తినేస్తుంది. మీరే యాసిడ్ లేని మౌంట్ బోర్డు (ఫ్రేములో బొమ్మ వెనకా చుట్టూ పెట్టే అట్ట), జపాన్ కాగితం పట్టీలు, గోధుమ స్టార్చి జిగురు కొని తీసుకెళ్లి, ఎదురుగా నిలబడి చేయించండి. పై అంచులో రెండు చోట్ల మాత్రమే పట్టీ, నాలుగు వైపులా అతికించకూడదు, వానాకాలంలో కాగితం సాగడానికి చోటుండాలి. అద్దం బొమ్మకి తగలకూడదు, మధ్యలో మౌంట్ మందం ఎడం ఉండాలి. అతినీలలోహిత కిరణాలు ఆపే అద్దమైతే మరీ మంచిది. లామినేషన్ మాట ఎత్తితే అక్కడి నుంచి బొమ్మ తీసుకుని వచ్చేయండి.

పూజగదిలో పెట్టకండి. ఈ మాట చెప్తే మా అత్తయ్య నొచ్చుకుంది, కానీ దీపం మసి, అగరొత్తుల పొగ, అభిషేకం తేమ, కుంకుమ వేలు, ఇవన్నీ కాగితానికి పడవు. పూజకు విగ్రహం ఉంది, పటం ఉంది. దీనికి ఎండ పడని లోపలి గోడ చాలు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలికి చెమ్మెక్కే బయటి గోడ అసలు వద్దు. ఏడాదిలో కొన్ని నెలలు దించి చీకట్లో ఉంచితే ఇంకా మంచిది. పెట్టెలో దాచేటప్పుడు కలరా ఉండలు వేయకండి, ఆరు నెలలకోసారి తీసి చూసి పొడి గుడ్డతో పెట్టెను తుడుచుకోవడమే మందు.

గోధుమ రంగు మచ్చలు కనిపిస్తే వదిలేయండి. బ్లీచింగు, రబ్బరు, బ్రెడ్డు ముక్క, యూట్యూబ్‌లో చూపించే ఏ చిట్కా వద్దు. పురుగు తిరుగుతున్నా, బూజు పడుతున్నా మాత్రం కాగితం బాగుచేసే నిపుణుల దగ్గరికి వెళ్లండి. మన వారసత్వ సంపదను కాపాడే ఇన్‌టాక్ సంస్థకు ఇలాంటి పని చేసే కేంద్రాలున్నాయి.

చివరిగా ఒక చీటీ రాయండి. బొమ్మ మీద కాదు, మౌంట్ వెనక, మెత్తటి పెన్సిల్‌తో. బాల్‌పెన్ ముట్టుకోవద్దు. నా మన్మథుడి వెనక ఇలా ఉంది: "మన్మథుడు, చిలక వాహనం, చెరకు విల్లు. సొనెరా వేసిన బొమ్మ, పోయిసన్ చెక్కింది, పారిస్, 1782. ఎడమ అంచున రెండు పురుగు చిల్లులు, కొన్నప్పటి నుంచీ ఉన్నవే. రంగు లేదు, వేయించవద్దు." తెలుగులోనే రాశాను, ఆ గోడ మీద నుంచి దాన్ని దించేది మా పిల్లలే కాబట్టి.